సత్యనారాయణ వ్రతంలో కన్నీటి ధారలు

పర్లాకిమిడిలో ఎవరైనా కొత్త ఇల్లు కడితే, చూడవచ్చిన చుట్టం గుమ్మంలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి, "అబ్బ, కొత్త ఇంటి వాసన!" అని తీరాలి. అలా అనని చుట్టానికి రెండోసారి కాఫీ దొరకదు. రంగు, వార్నిషు, ప్లైవుడ్ జిగురు కలగలిసిన ఆ ఘాటు ఎంత దట్టంగా ఉంటే యజమాని అంత దండిగా ఖర్చు పెట్టాడని ఇటు ఒడిశాలోని మా గజపతి జిల్లాలోనూ, సరిహద్దు దాటితే అటు ఆంధ్రలోని పాతపట్నంలోనూ ఒకటే లెక్క. ఆ లెక్కలో మా పెద్దమామయ్య అందరినీ మించిపోవాలనుకున్నాడు; మించిపోయాడు కూడా.

పాత పెంకుటింటి టేకు బీరువాను అమ్మివేసి, వంటగది మొదలు పూజగది వరకు గోడ కనబడకుండా అలమారలు చేయించాడు. అవన్నీ ప్లైవుడ్‌వి, కాకపోతే కర్రపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డువి. వీధి దుమ్ము పడి కొత్త రంగు మాసిపోతుందన్న భయంతో గృహప్రవేశం దాకా కిటికీల గడియలు తీయనివ్వలేదు. రంగుల విషయంలో మాత్రం ఆయన జాగ్రత్తపరుడే. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి దేశమంతటా అమలులో ఉందని దుకాణదారుకే పాఠం చెప్పి, డబ్బా మీది అక్షరాలు చదివి మరీ కొన్నాడు. గోడల దగ్గర చూపిన ఈ శ్రద్ధ గడప దగ్గరికి వచ్చేసరికి ఏమయిందో తరువాత చెబుతాను.

వైశాఖ మాసపు ఎండలో వ్రతం మొదలయింది. కిటికీలు మూసిన హాలులో టెక్కలి, బరంపురం చుట్టాలంతా కిక్కిరిసి కూర్చున్నారు. మొదటి అధ్యాయంలో ముందు వరుస ముత్తయిదువలు ముక్కులు తుడుచుకున్నారు. రెండో అధ్యాయంలో కట్టెలమ్ముకొనేవాడు ఇంకా రంగప్రవేశమైనా చేయకముందే పైటచెంగులు తడిశాయి. కథ చెబుతుంటే జనం తమలో తాము చీరల సంగతులు మాట్లాడుకోవడమే తప్ప, కంటతడి పెట్టడం ఏనాడూ చూసి ఎరుగని పంతులుగారు పొంగిపోయి, గొంతులో గద్గదం కూడా చేర్చి, మూడో అధ్యాయాన్ని మామూలుకంటె రెండింతలు సాగదీశారు. నాలుగో అధ్యాయంలో కళావతి ప్రసాదం మరచి పరుగెత్తే ఘట్టానికి సభ యావత్తు ఏడుస్తోంది. అక్కడ పంతులుగారికే పొర వచ్చి, దగ్గు తెర విడవక, కథ ఆగిపోయింది.

నిజానికి ఆ కన్నీటిలో భక్తి పాలు తక్కువ, ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు పాలు ఎక్కువ. ప్లైవుడ్ పొరలను, కర్రపొట్టును పట్టి ఉంచే యూరియా-ఫార్మాల్డిహైడ్ జిగురు నుంచి ఆ వాయువు నెలల తరబడి వెలువడుతూనే ఉంటుంది; వేడీ తేమా పెరిగితే మరీ ఎక్కువ. కళ్లు మండించడం దాని తొలి పలకరింపు మాత్రమే. మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల వరుసలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే దాన్ని చేర్చింది.

వాసనకు విరుగుడు వాసనే అన్నది మా మామయ్య సిద్ధాంతం. గుగ్గిలం, సాంబ్రాణి వేయించాడు. అది చాలదని పరిమళపు స్ప్రే చల్లించాడు. ఉన్న వాయువును తగ్గించకుండా గదిలోకి కొత్త పొగను, మరికొన్ని రసాయనాలను చేర్చడాన్ని చికిత్స అనవచ్చునో లేదో పాఠకులే ఆలోచించాలి. పెద్దకోడలు మనీప్లాంటు కుండీలు తెచ్చి నలుమూలలా పెట్టింది. మొక్కలు ఇలాంటి వాయువులను పీల్చేస్తాయన్న నమ్మకానికి ఆధారమైన, 1989లో నాసా వారు చేసిన పరీక్ష బిగించిన చిన్న పెట్టెల్లో జరిగింది. మామూలు ఇంట్లో తలుపులు తెరిస్తే వచ్చే గాలితో సమానంగా అవి పనిచేయాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలైనా కావాలని 2019 నాటి సమీక్ష తేల్చింది. ఆ లెక్కన చుట్టాలు కూర్చోవడానికి చోటు మిగలదు.

ఆ సమయానికి, కొత్త పంచె పుచ్చుకోవడానికి వచ్చిన వడ్రంగి మేస్త్రి ఎవరినీ అడగకుండా కిటికీలన్నీ బార్లా తెరిచాడు.

"ఏం మేస్త్రీ, ఏం కర్ర వేశావయ్యా?" అని మామయ్య గద్దించాడు.

"నాదేముంది బాబూ? కోసిన అంచులకీ, లోపలి పక్కలకీ కూడా లామినేట్ అతికించి మూసేద్దామంటే, లోపల ఎవరు చూస్తారన్నారు. ఈ ఘాటు వాయువు తక్కువ వదిలే ఈ-సున్నా రకం బోర్డు తెస్తానంటే, సున్నాకి అంత ధర ఏమిటన్నారు."

దీనికి మామయ్య దగ్గర జవాబు లేకపోవడంతో అందరూ వీధిలోకి నడిచారు. అక్కడ, పాత ఇంటి సున్నం కొట్టిన అరుగు మీద పొద్దుటినుంచీ హాయిగా కూర్చున్న అమ్మమ్మ, మునిమనుమడు కొత్త ఇంటి గడపను పట్టుకుని నాకుతూ ఉండడం చూసి కేక పెట్టింది. గడపకు పసుపు రాసే బదులు పసుపు రంగు ఎనామిల్ పూసి చేతులు దులుపుకోవడం ఈ మధ్య అందరికీ అలవాటే. మామయ్య ఆ కాస్త పనికి కొత్త డబ్బా ఎందుకని, అటక మీద తాతయ్య కాలం నుంచి పడి ఉన్న డబ్బా దింపించాడు. పాతకాలపు పసుపు ఎనామిళ్లకు ఆ నిగనిగ తరచు సీసపు క్రోమేట్ వల్లనే వచ్చేది. పిల్లల మెదడును దెబ్బతీసే సీసానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పిల్లవాడి నోరూ చేతులూ కడిగి, రక్తపరీక్ష కోసం అప్పుడే తండ్రి వెంట పంపించారు. ఉప్పుకాగితంతో గడపను గీకబోయిన రంగుల కుర్రాణ్ణి మేస్త్రి ఆపాడు. పొడిగా గీకితే సీసం ధూళిగా మారి ఇల్లంతా పరుచుకుంటుంది కనుక, గడపనే ఊడదీసి కొత్తది బిగిస్తానన్నాడు.

"కొత్త గడపకి పసుపే రాయాలి. తళతళలాడే పొడి కొనకండర్రా, అందులోనూ ఆ మాయదారి రంగే కలుపుతారట. కంధమాళ్ పసుపు కొమ్ములు తెచ్చి దంచుకోండి," అంది అమ్మమ్మ.

"అలాగే అత్తయ్యా. అటక మీద డబ్బా దింపించినవారే శుక్రవారం శుక్రవారం వంగి రాస్తారు," అంది అత్తయ్య.

మామయ్య నడుము పట్టుకుని, పొడుగు కర్ర బ్రష్షుతో నిలబడి రాస్తే శాస్త్రం ఒప్పుకుంటుందా అని పంతులుగారిని అడిగాడు. ఇంకా కళ్లు తుడుచుకుంటున్న పంతులుగారు, శాస్త్రం సంగతి తరువాత చూద్దాం గాని, మిగిలిన కథ తాను వీధిలోనే చెబుతాననీ, పీట ఇక్కడికే తెప్పించమనీ అన్నారు.