కొండను కోసేది టైరా, నీళ్ళా?

"కొండల మీది పైన్ అడవుల్లోకి మౌంటెన్ బైకులను రానివ్వకండి. టైర్లు నేలను కోసేస్తాయి, సహజమైన అడవి పాడైపోతుంది, నడక వల్లైతే ఏ హానీ లేదు." కొండబాటల మీద తొక్కే సైకిళ్ళ గురించి ఈ మాట తెగ షేర్ అవుతోంది. తోడుగా లోతైన గాడి పడ్డ బాట ఫొటో ఒకటి.

ముందు ఆ ఫొటో సంగతి. అందులో బాట కొండ మీంచి నిటారుగా, వాననీరు జారే దారిలోనే కిందికి దిగుతోంది. పైన్ ఆకుల పరుపు ఒకసారి చెదిరి మట్టి బయటపడ్డాక, అలాంటి చోట ఎవరూ తిరక్కపోయినా గాడి పడుతుంది. అందుకే ట్రైల్ వేసేవాళ్ళు ఒక లెక్క పాటిస్తారు: బాట వాలు కొండ వాలులో సగం దాటకూడదు, మొత్తం మీద సగటు 10 శాతం (వంద అడుగుల దూరానికి పది అడుగుల దిగుడు) మించకూడదు. కొండ వాలు 16 శాతమైతే బాట 8 శాతంలోపే ఉండాలన్నమాట. బాటను కొండకు అడ్డంగా తిప్పి, బయటి అంచు వైపు కాస్త వాల్చి, మధ్యమధ్య చిన్న ఎత్తుపల్లాలు పెడతారు. దాంతో నీళ్ళు బాట వెంట పరుగెత్తకుండా ఎక్కడికక్కడ పక్కకి దిగిపోతాయి.

ఇక "సహజమైన అడవి". వరసలు కట్టి, ఒకే జాతి, ఒకే వయసు చెట్లు నిలబడి ఉంటే అది పంట. న్యూజిలాండ్‌లో నాటే రేడియాటా పైన్ అసలు కాలిఫోర్నియా తీరపు చెట్టు. న్యూజిలాండ్‌లో అది సుమారు 28 ఏళ్ళకి కోతకొస్తుంది. అప్పుడు యంత్రాలు, దుంగల లారీలు దిగి కొండవాలంతా బోడి చేస్తాయి. ఆ దృశ్యం ఒక్కసారి చూసినవాళ్ళు టైరు గుర్తుల గురించి ఇంత టెన్షన్ పడరేమో!

నడక మాటకొస్తే, 1994లో విల్సన్, సెనీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని మోంటానా కొండబాటల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. మనుషులు, గుర్రాలు, మోటారుసైకిళ్ళు, సైకిళ్ళు, నాలుగింటినీ పోల్చారు. కొట్టుకుపోయే వదులు మట్టి చక్రాల వల్ల కన్నా పాదాలు, గిట్టల వల్లే ఎక్కువ తేలింది. ముందే తడిపిన బాట మీద ఆ తేడా ఇంకా ఎక్కువ.

అలాగని సైకిళ్ళకి క్లీన్ చిట్ ఇవ్వను. వెనక బ్రేకు బిగబట్టి చక్రాన్ని ఈడ్చుకుంటూ దిగితే బాట మీద చాలు పడుతుంది, కొత్తలో నేనూ ఆ పని చేశాను. ఎవరికీ చెప్పకుండా తవ్వుకున్న నిటారు దారుల మీద కోపం కూడా న్యాయమే. వాన వెలిశాక బాట ఆరేదాకా ట్రైల్ మూస్తామంటే నాకు అభ్యంతరం లేదు, కాకపోతే నడిచేవాళ్ళకీ మూయండి.