బృహస్పతి రావాలి, ఉయ్యాల ఊగాలి

మా వీధి చివర గోదారి గట్టు పక్కన పార్కుందండి, ఉందంటే గేటుంది, గేటుకి తాళం ఉంది, తాళంచెవి వాచ్‌మేన్ దగ్గరుంది, వాచ్‌మేన్ బావమరిది పెళ్ళికని అమలాపురం వెళ్ళాడు.

అందరూ తిడతారుగానీ నేనొప్పుకోను. రాజమండ్రిలో ఏ పనికైనా ముహూర్తం పుష్కరాలే, 2003లో బెంచీలొచ్చాయి, 2015లో ఉయ్యాలొచ్చింది, 2027కి ఇంకేదో వస్తుందంట. మధ్యలో గొలుసు తెగిందని గోల చేస్తే ఎలాగండీ, బృహస్పతి సింహరాశిలోకి రాకుండా గొలుసు మార్చడానికి శాస్త్రం ఒప్పుకోవద్దూ?

మా మేనల్లుడు ఆ 2015 పుష్కరాల్లోనే పుట్టాడు. గొలుసేమో దసరాకే తెగింది, వాడికి ఊహ తెలిసేసరికి రెండు స్తంభాలు మిగిలాయి, వాటి మధ్య ఎదురింటి అత్తయ్యగారు చీరలారేస్తారు. 2027కి వాడికి పన్నెండు నిండుతాయి, బోర్డు మీద చూస్తే "12 ఏళ్ళ లోపు పిల్లలకు మాత్రమే". తప్పు మావాడిదే, చూసుకుని పుట్టాలి కదా! కొత్తగా పెళ్ళైనవాళ్ళు పుష్కరాలకి ఓ నాలుగేళ్ళ ముందు ప్లాన్ చేసుకుంటే మంచిది.

హేవలాక్ బ్రిడ్జి సంగతే చూడండి, 1900 నుంచి దాదాపు వందేళ్ళు గోదారి మీద రైళ్ళు మోసి 1997లో రిటైరయ్యింది, దానికే ఇంకా సెటిల్‌మెంట్ కాలేదు, మా ఉయ్యాలెంత.

నన్నడిగితే మాకు అసలైన పార్కు వరదేనండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరికిస్తారు, అది మాకు ఎగ్జిబిషన్ గేటు తీసినట్టు, బండి మీద ముందొకణ్ణి వెనక ఇద్దర్ని కూర్చోబెట్టుకుని గట్టెక్కేస్తాం, 13.75కి రెండోది, అప్పటికి మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళు దిగిపోతారు, 17.75కి మూడోది, అప్పటికి లంకల్లోవాళ్ళు సామాను నెత్తినెట్టుకుని ఒడ్డుకొస్తుంటారు, మేం కాస్త పక్కకి జరిగి వాళ్ళకి దారిచ్చి మళ్ళీ రైలింగ్ దగ్గర మా చోటు మేం పట్టేసుకుంటాం.

మొన్న పార్కులోకి టేపుతో ఒకాయన కొలతలకొచ్చాడు (తాళం ఎలా తీశాడో అడక్కండి). మావాడు పరిగెత్తుకెళ్ళి "అంకుల్, కొత్త ఉయ్యాల ఎంత పెద్దదండీ?" అనడిగాడు.

"ఉయ్యాల కాదమ్మా, సెల్ఫీలకి పెద్ద పెద్ద అక్షరాలు పెడతారు, ఐ లవ్ అని."

మావాడు కాసేపాలోచించి "పోనీ వాటి మీదకెక్కచ్చా అండీ?" అన్నాడు.