టైఫాయిడ్ తిరగబెట్టిందా? ముందు సీసాలు లెక్కపెట్టండి

"పిల్లోడికి మందు పనిచేయలేదంట, టైఫాయిడ్ మళ్లీ వచ్చింది." అనంతపురంలో చిన్నపిల్లల ఆస్పత్రుల ముందు వేసవి పొడవునా వినిపించే మాట ఇది. మందుకు లొంగని సూక్ష్మజీవులు ఉన్నాయి, కాదనలేం. కానీ ఆ నింద వేసేముందు ఇంట్లో ఎన్ని సీసాలు ఖాళీ అయ్యాయో చూడాలి.

15 కిలోల బిడ్డ లెక్కే చూడండి. టైఫాయిడ్‌కు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ రోజుకు కిలోకు 20 మిల్లీగ్రాములు, అంటే 300. పూటకు 150. సిరప్ 5 మి.లీ.లో 100 మిల్లీగ్రాములుంటే పూటకు 7.5 మి.లీ. పోయాలి. 30 మి.లీ. సీసా రెండు రోజులకే సరి. 14 రోజుల వైద్యానికి ఏడు సీసాలు! రెండు సీసాలతో ఆపేస్తే జరిగింది నాలుగు రోజుల వైద్యమే.

ఇంకో తిరకాసు ఉంది. చెవిలో చీముకు ఇదే మందు రోజుకు కిలోకు 8 మిల్లీగ్రాములు రాస్తారు. ఆ పాత చీటీ చూసి పోస్తే టైఫాయిడ్‌కు సగం మోతాదు కూడా అందదు. షాపులో 100కు బదులు 50 మిల్లీగ్రాముల సీసా చేతికొచ్చినా సగమే అందుతుంది. సిరప్ సీసాలోని పొడిలో గీత దాటి నీళ్లు పోస్తే మందు పలచనవుతుంది. నురుగు దిగాక గీత చూసుకోవాలి. కొలతకు మూతే వాడాలి, వంటింటి చెంచా కాదు.

మోతాదు సరిగ్గా పడినా జ్వరం దిగడానికి ఐదారు రోజులు పట్టొచ్చు. మూడో రోజుకే ఓపిక నశించి ఆఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ కలపడం మన దగ్గర అలవాటైపోయింది. మన దేశపు టైఫాయిడ్ క్రిముల్లో ఎక్కువ భాగం ఆ జాతి మందులకు సరిగా లొంగవు, కాబట్టి ఒరిగేదేమీ లేదు. జ్వరం 104 నుంచి 102కు వస్తోందా, బిడ్డ అన్నం అడుగుతోందా అన్నది చూడాలి. కడుపు నొప్పి ముదిరినా, మలం నల్లగా వచ్చినా, బిడ్డ మగతగా పడున్నా ఆగకూడదు. ఆస్పత్రిలో చేర్చాలి, అక్కడ సెఫ్ట్రియాక్సోన్ నరంలోకి ఇస్తారు.

అసలు అది టైఫాయిడేనా? విడాల్ అనే ఒక్క రక్తపరీక్ష రిపోర్టుతో తేల్చేయడం నాకు నచ్చదు. ట్యాంకర్ నీళ్లు తాగే ఊళ్లలో పాత ఇన్ఫెక్షన్ల ఆనవాళ్లు కూడా దానిలో పాజిటివ్‌గా కనిపిస్తాయి. మొదటి డోసుకు ముందే రక్తం కల్చర్‌కు, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్షకు పంపితే ఏ మందు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. రెండు రోజులు యాంటీబయాటిక్ పడ్డాక పంపితే క్రిమి దొరికే అవకాశం తగ్గిపోతుంది.

కూలికి పోయే ఇంట్లో ఏడు సీసాలు ఒకేసారి కొనలేరు. రెండు కొంటారు, జ్వరం దిగితే మళ్లీ షాపుకు రారు. అందుకే చీటీలో బిడ్డ బరువు, సిరప్ బలం, పూటకు ఎన్ని మి.లీ., మొత్తం ఎన్ని సీసాలు అన్నీ ఉండాలి. బిడ్డ 20 కిలోలుంటే సీసాల గొడవే అక్కర్లేదు. నీళ్లలో కరిగే 200 మిల్లీగ్రాముల బిళ్ల పూటకొకటి. 14 రోజులకు 28 బిళ్లలు.