యాక్సెసరీస్ – 1

ఇది ఎడమ కన్ను మూసుకుని రాస్తున్నాను. అచ్చుతప్పులుంటే ఆ పాపం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక కొట్టుది. పేరు చెప్పను. చెబితే వాళ్ళ దగ్గరా ఓ కథ ఉంటుంది, అది నా కథకన్నా బాగుంటుంది.

ముందు జరిగింది మూడు ముక్కల్లో చెప్పేస్తా. బాల్కనీలో నాలుగు కుండీలకు ఇనప స్టాండు కావాలి. మా రామంతాపూర్‌లో వెల్డింగ్ షాపతను మూడు వారాలుగా "రేపొస్తా సార్" అంటున్నాడు. ఎంత నమ్మకంగా అంటాడంటే, ఇరవయ్యొకటో రోజు కూడా పొద్దున్నే గడ్డం గీసుకుని, పైపులు పెట్టుకోవడానికి హాల్లో చోటు చేసి కూర్చున్నాను. చివరికి ఒళ్ళు మండింది. నాలుగు పైపు ముక్కలు అతికించడానికి ఇంత బతిమాలాలా, వెల్డింగ్ మిషనే కొనేస్తే పోలా అనుకున్నాను. ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. నిప్పు ఖరీదు 7,800 రూపాయలు, జీఎస్టీ 18 శాతం అదనం.

కొనే ముందు బాగానే చదువుకున్నానండీ. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం మిషన్లు ఇద్దరు మోస్తే గానీ కదలవు, అపార్టుమెంటుకు పనికిరావు. ఇన్వర్టర్ రకమైతే నాలుగైదు కిలోలే, పట్టీ భుజాన వేసుకుని పెళ్ళికి కూడా వెళ్ళొచ్చు. కరెంటును లోపల సెకనుకు వేల సార్లు అటూ ఇటూ తిప్పి పంపడం వల్ల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందట. ఈ ముక్క మా ఆవిడకు చెబితే, "ఇన్వర్టరా? పోన్లెండి, ఇన్నాళ్ళకు ఇంటికి పనికొచ్చేది కొంటున్నారు. ఎండాకాలంలో కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతుంది" అంది. ఇది ఆ ఇన్వర్టర్ కాదని, దీనికి బ్యాటరీ ఉండదని, కరెంటు పోతే ఇదీ పోతుందని వివరించాను. "మరి ఆ పేరెందుకు పెట్టారు?" అంది. న్యాయమైన ప్రశ్నే.

రెండో ప్రశ్న మా బావమరిది వేశాడు. "మీ ఇంట్లో ప్లగ్గు 16 ఆంప్స్. మిషను మీద 200 ఆంప్స్ అని రాసుంది. బిల్డింగంతా పోతుంది బావా." అయిదొందల నోటు చిల్లర మారిస్తే చేతిలో కాగితాలు పెరుగుతాయి గానీ డబ్బు పెరగదు కదా, అలాగే ఇది 230 వోల్టులను ఇరవై చిల్లర వోల్టులకు దించి ఆంపియర్లు పెంచుతుంది, సన్న రాడ్డుతో (కరిగి అతుకయ్యేది అదే) 80 ఆంప్స్ మీద పనిచేసుకుంటే ఇంచుమించు గీజరు తినేంతే తింటుంది అని చెప్పాను. చెబుతున్నప్పుడు నాకే నా మీద గౌరవం కలిగింది. ఆ గౌరవంతోనే మొన్న శనివారం స్కూటరెక్కాను. ఎక్కకుండా ఉండాల్సింది.

కొట్టులో కుర్రాడు అడక్కుండానే నాలుగు డబ్బాలు దించాడు. అన్నింటి మీదా 200 అనే ఉంది. ఒకటి బరువు, ఒకటి తేలిక, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. "డ్యూటీ సైకిల్ ఎంత?" అనడిగాను. ఈ ప్రశ్న కోసమే వారం రోజులు చదివాను. పది నిమిషాల్లో ఆరు నిమిషాలు పనిచేసి నాలుగు నిమిషాలు చల్లారితే దాన్ని 60 శాతం అంటారు. మా ఆఫీసులో దానికన్నా తక్కువే ఉంటుంది. కుర్రాడు సేఠ్ వైపు చూశాడు. సేఠ్ ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఫుల్ డ్యూటీ సార్" అన్నాడు.

అప్పుడే బెంచీ మీద చాయ్ తాగుతున్న పెద్దాయన నవ్వాడు. అరవై దాటి ఉంటాయి, చొక్కా ముందు భాగమంతా నిప్పురవ్వల చిల్లులే. కుర్రాడు ఆయన్ని ఉస్తాద్ అంటున్నాడు.

"సారూ, ఎన్నడన్న పట్టిన్రా?"

పట్టలేదన్నాను.

"మరి పట్టి చూసి కొనుండ్రి. చెప్పు కొంటే ఏసుకోని చూడమా?"

చూడండి, ఇంత మంచి సలహా ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. నా పతనమూ అక్కణ్ణుంచే మొదలైంది.

డెమో బల్ల మీద డబ్బాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. కుర్రాడు అటూ ఇటూ చూసి, సేఠ్ బయటికెళ్ళి ఫోన్ మాట్లాడుతున్న సందు చూసి, ఆయన కూర్చునే ఇనప స్టూలు లాక్కొచ్చాడు. ఈ స్టూలు గురించి కాస్త చెప్పాలి. అలాంటివి ఇప్పుడు రావు. పైన మందపాటి పలక, కింద నాలుగు కోణపు కాళ్ళు, ఒంటి చేత్తో ఎత్తితే నడుం పట్టేసే బరువు. ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని పైన రంగంతా పోయి పలక అద్దంలా మెరుస్తోంది. పాదాలు ఆన్చిన చోట కాళ్ళు కూడా అలాగే నిగనిగలాడుతున్నాయి. రంగు ఉండి ఉంటే కరెంటు సరిగ్గా పారేది కాదు, నాకీ గతి పట్టేది కాదు. రెండు తరాల సేఠ్‌లు కూర్చుని నా కోసం దాన్ని గీకి తయారుచేసి పెట్టారు.

కుర్రాడు స్టూలు కాలికి ఎర్త్ క్లాంపు, అంటే కరెంటు మిషనుకు తిరిగెళ్ళే వైరు, తగిలించాడు. పైన జానెడు ఫ్లాటు ముక్క, అంటే ఇనప పట్టీ ముక్క, పెట్టాడు. హోల్డరుకు 10 నంబరు రాడ్డు బిగించి, మీటరు 120 ఆంప్స్ దగ్గర పెట్టి, ఒక చేతికి హోల్డరు, ఒక చేతికి నల్లద్దం షీల్డు ఇచ్చాడు.

ఇక్కడ వెల్డింగ్ విద్యలోని అసలు మోసం చెప్పాలి. వీడియోల్లో ఎవడూ చెప్పడు. ఆ నల్లద్దంలోంచి ఏమీ కనపడదు. మసకగా కాదు, అసలేమీ. అమావాస్య అర్ధరాత్రి బాపతు నలుపు. నిప్పు రాజుకున్నాకే అవతల లోకం ఉందని తెలుస్తుంది. నిప్పు రాజేయాలంటే రాడ్డు ఎక్కడ ఆనించాలో కనపడాలి. కనపడాలంటే నిప్పు రాజుకోవాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. ఉస్తాద్ లాంటివాళ్ళు ఈ చిక్కు ముడిని అలవాటుతో దాటేస్తారు, రాడ్డు కొన సరిగ్గా పెట్టి మెడ ఒక్క విదిలింపుతో చూపు కప్పేస్తారు. నాకు చూపు కప్పితే దిక్కులు కూడా పోయాయి. తూర్పు తిరిగి దండం పెట్టమంటే సేఠ్ గల్లాపెట్టెకు పెట్టేవాణ్ణి.

"అగ్గిపుల్ల గీకినట్టు గీకుండ్రి సారూ. అదమొద్దు" అని చీకట్లోంచి ఉస్తాద్ గొంతు.

గీశాను. చిటుక్కుమంది, అంతే, రాడ్డు అతుక్కుపోయింది. లాగాను, రాలేదు. మిషను గుర్రుమంటోంది, రాడ్డు వేడెక్కి ఎర్రబడుతోంది. "ఊపుండ్రి, ఊపుండ్రి" అంటున్నాడు ఉస్తాద్. నేను కంగారులో షీల్డు ఊపాను. అప్పటికి దారిన పోయేవాళ్ళు ముగ్గురు ఆగారు. రాణిగంజ్‌లో జనానికి పన్లుండవని కాదు, ఉంటాయి, అవతలివాడు రాడ్డు అతికించుకుంటున్నాడంటే మాత్రం వాయిదా వేసుకుంటారు. చివరికి కుర్రాడు వచ్చి మణికట్టు ఒక్కసారి మెలితిప్పి విడదీశాడు. మళ్ళీ గీశాను, అతుక్కుంది. మళ్ళీ గీశాను, ఈసారి షీల్డు అడ్డం పెట్టడం మరిచాను, కళ్ళ ముందు మెరుపు. ఇలా ఓ నాలుగుసార్లు. నాలుగుసార్లేమిటిలే, ఏడు.

ఎనిమిదోసారి రాజుకుంది.

నిజం ఒప్పుకోవాలి, అది చూడవలసిందే. ఆ నల్లటి లోకంలో పచ్చటి వెలుగు, దాని కింద ముత్యమంత కరిగిన ఇనుము, అది నా చెయ్యి ఎటు పోతే అటు రావడం. మూకుట్లో నూనె చిటపటలాంటి చప్పుడు. అలా వస్తే చెయ్యి కుదిరినట్టేనని చదివాను. నాకు ఇంకేం గుర్తులేదు. ముక్క అంచు ఎక్కడో, స్టూలు ఎక్కడ మొదలవుతుందో ఆ వెలుగులో ఎవడు చూడొచ్చాడు? రాడ్డు మొత్తం, చేతిలో బెత్తెడు తోక మిగిలేదాకా, ఆ చివర నుంచి ఈ చివర దాకా లాక్కొచ్చాను. షీల్డు దించి అందరి వైపూ చూశాను. చప్పట్లు కొడతారనుకున్నా.

ఎవరూ కొట్టలేదు. కుర్రాడు చిన్న సుత్తితో అతుకు పైన పెంకు కట్టిన చిట్టెం కొట్టాడు. చిట్టెం వేరుశనగ పొట్టులా ఊడి వచ్చింది. కింద వెండి జడలా, ఒకే వెడల్పున, అద్దకంలాంటి అతుకు. ఫ్లాటు ముక్కకూ సేఠ్ స్టూలుకూ మధ్య.

ఉస్తాద్ వంగి చూశాడు. గోరుతో గీకి చూశాడు. "పక్కా పట్టింది సారూ" అన్నాడు. నా నలభయ్యారేళ్ళ జీవితంలో చేతి పనికి దొరికిన మొదటి మెచ్చుకోలు. "ఇగ ఊడది."

సేఠ్ అప్పుడే లోపలికొచ్చాడు.

కేకలు రాయను. "మా నాయిన కూసున్న స్టూలు సార్ అది" అన్నది మాత్రం గుర్తుంది. తప్పు నాదే, ఇనుము కోసే గ్రైండరుతో రెండు నిమిషాల్లో కోసేయొచ్చు కదా అన్నాను. సేఠ్ వెనకాల అరలో గ్రైండర్లు పేర్చి ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక లెక్కపెట్టాను కూడా. ముప్పయ్యేడు.

"అవి సీల్ పీసులు సార్. సీల్ తీస్తే ఎవరు కొంటరు?"

"మీ కొట్లో వాడుకునేది ఒకటుంటుందిగా?"

"మేం అమ్మేటోళ్ళం సార్. వాడేటోళ్ళం కాదు."

ముప్పయ్యేడు గ్రైండర్లున్న కొట్టులో ఒక ముక్క కొయ్యడానికి గ్రైండరు లేదు! స్టూలు లాక్కొచ్చిన కుర్రాడేమో ఆ సమయానికి గోడౌన్‌లో దేవుడికి కూడా దొరకని పనిలో ఉన్నాడు. ఉస్తాద్ చాయ్ గ్లాసు కింద పెట్టి, "రాడ్డు 6013 సార్‌ది. ఊరికె ఊడ్తదా?" అని ఇంకొంచెం ఆజ్యం పోశాడు. ఆ నంబరు ఏదో హెల్ప్‌లైన్ అనుకునేవాణ్ణి. ముందున్న 60కి అర్థం, దాంతో వేసిన అతుకు చదరపు అంగుళానికి 60 వేల పౌన్ల లాగుడు తట్టుకోవాలని. నేనూ సేఠూ చెరో వైపు పట్టుకుని లాగితే ఎంతొస్తుంది?

బేరం అయిదు నిమిషాలు. 650 దగ్గర తెగింది. బిల్లులో స్టూలు అని రాస్తే లెక్క కుదరదట, "యాక్సెసరీస్ – 1" అని రాశాడు. దాని మీదా 18 శాతం వేశాడు. వాళ్ళ నాన్న జ్ఞాపకానికి పన్ను నేను కట్టాను.

టాంక్‌బండ్ మీదుగా స్కూటరు ముందు స్టూలు, వెనక మిషను కట్టుకుని ఎలా వచ్చానో అడక్కండి.

రాత్రి రెండింటికి కళ్ళు తెరవలేకపోయాను. గుప్పెడు ఇసుక పోసి రెప్పలు మూసినట్టుంది. ఇది మంట వెలుగులోని అతినీలలోహిత కిరణాల పనట. చూసినప్పుడు ఏమీ తెలియదు, కొన్ని గంటలయ్యాక, మనిషి మంచి నిద్రలో ఉండగా చెబుతుంది. మా అత్తగారు బంగాళదుంప చక్రాలు తరిగి కళ్ళ మీద పెట్టారు. పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికెళ్తే ఆయన లైటు వేసి చూసి, "వెల్డింగ్ షాపా మీది?" అన్నాడు.

"కాదండీ. మిషను కొనడానికెళ్ళాను."

"కొంటేనే ఇలా అయిందా?" అని చుక్కల మందు రాశాడు. కుడి కన్ను తేరుకుంది, ఎడమది ఇంకా అలిగే ఉంది.

ఇవాళ మిషను డబ్బా తెరిచాను. వైరు చివర ప్లగ్గు లేదు. మూడు తీగలు వేలాడుతున్నాయి, ప్లగ్గు మనమే కొనుక్కుని తగిలించుకోవాలట. సాయంత్రం మా వీధి ఎలక్ట్రికల్ షాపుకెళ్ళి 16 ఆంప్స్ ప్లగ్గు అడిగాను. ఆయన మర్యాదస్థుడు, వెతుకుతూనే "నిలబడ్డారేం సార్, కూర్చోండి" అని ఇనప స్టూలు ముందుకు తోశాడు.

ఫర్లేదండీ అని నిలబడే ఉన్నాను.