కెమెరాకు టేపు సరే, పాస్‌వర్డ్ మాటేమిటి?

విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో ఎవరైనా దొంగచాటుగా చూస్తారేమోనని ల్యాప్‌టాప్ కెమెరా మీద టేపు ముక్కో, బొట్టుబిళ్లో అంటించి కనిపిస్తే ఇప్పుడెవరూ వింతగా చూడరు. 2016లో బయటికొచ్చిన ఒక ఫొటోలో ఫేస్‌బుక్ అధినేత మార్క్ జుకర్‌బర్గ్ ల్యాప్‌టాప్‌కూ టేపు ఉంది. తానూ అలాగే చేస్తానని అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ అదే ఏడాది చెప్పారు. కనుక ఈ జాగ్రత్తను చాదస్తమని తీసిపారేయలేం. మా అభ్యంతరమల్లా అక్కడితో భద్రత పూర్తయిందనుకోవడం మీదే.

కంప్యూటర్ పరాయివాడి చేతికి చిక్కాకే కెమెరా అతడి చేతికి చిక్కుతుంది. 2014లో అమెరికా అధికారులు గుట్టు రట్టు చేసిన బ్లాక్‌షేడ్స్ అనే సాఫ్ట్‌వేర్ సుమారు 40 డాలర్లకే దొరికేది, 5 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి చొరబడింది. కెమెరా తెరవడం దానికి తెలిసిన విద్యల్లో ఒకటి మాత్రమే. కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ నమోదు చేయడం, ఫైళ్లు ఎత్తుకుపోవడం, వాటికి తాళం వేసి డబ్బు అడగడం కూడా దానికి వచ్చు. వీటిలో టేపు అడ్డుకోగలిగేది కెమెరాతో చూడటాన్నే. మిర్చి యార్డులోని కమీషన్ దుకాణంలో ఉచితంగా వస్తుందని సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ (క్రాక్ వెర్షన్) వేయించుకున్న కంప్యూటర్‌లో రైతుల ఖాతాలన్నీ ఉంటాయి; వాటికి రెండో కాపీ ఎక్కడుందని అడిగితే జవాబు దొరికే దుకాణాలు ఎన్ని?

2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ విరుచుకుపడినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు సైతం కొన్ని స్తంభించాయి. అది వాడుకున్న లోపాన్ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సరిదిద్దింది. అప్‌డేట్ వేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు.

‘నీ వెబ్‌క్యామ్‌తో వీడియో తీశాం, బిట్‌కాయిన్ పంపు’ అంటూ పాత పాస్‌వర్డ్‌ను కూడా జతచేసి వచ్చే మెయిళ్లు చాలావరకు బూటకాలు. ఆ పాస్‌వర్డ్ ఏదో ఒక వెబ్‌సైట్ నుంచి ఎప్పుడో లీకైనదే తప్ప కెమెరా నుంచి వచ్చింది కాదు. డబ్బు పంపకుండా, ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడెక్కడ వాడుతున్నారో చూసుకుని మార్చుకోవడం తక్షణ కర్తవ్యం. నిజంగానే ఎవరైనా రహస్య చిత్రాలు తీసినట్లయితే ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది; ఫిర్యాదుకు జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ఉంది, డబ్బు పోతే 1930 హెల్ప్‌లైన్ నంబరు ఉంది. పరువు పోతుందని నోరు మెదపకపోవడమే బెదిరించేవాడికి పెట్టుబడి.

ల్యాప్‌టాప్ కన్నా మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది గోడ మీది కెమెరా. రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీటీవీ దృశ్యాలు 2025లో అంగడి సరుకయ్యాయి. బిగించేవాడు పెట్టి వెళ్లిన పాస్‌వర్డ్‌తోనే ఏళ్ల తరబడి నడిచే కెమెరాలు బెజవాడ దుకాణాల్లో, గుంటూరు కోచింగ్ సెంటర్లలో లేవని ఎవరు హామీ ఇవ్వగలరు? జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టి తీరాలని 2013 నాటి రాష్ట్ర ప్రజా భద్రత చట్టం చెబుతోంది. పెట్టారా లేదా అని తనిఖీ చేసే అధికారులు, పాస్‌వర్డ్ మార్చారా, దృశ్యాలు చూసే అధికారం ఎవరెవరికి ఉందని కూడా ఇకపై అడగాలి. రెండు నగరాల పోలీసు కమిషనరేట్, ఎస్పీ కార్యాలయాలు ఈ ప్రశ్నలతో తొలి తనిఖీని ఆసుపత్రుల నుంచి, మహిళా హాస్టళ్ల నుంచి ప్రారంభించాలని కోరుతున్నాం.