ఐదో తరగతి కొలబద్ద తెలుగుకు కుదరదు

ఆన్‌లైన్‌లో రాసేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది: ‘ఐదో తరగతి పిల్లాడికి తెలియని మాట ఒక్కటి కూడా వాడొద్దు. వాడితే పాఠకుడు పేజీ మూసేస్తాడు.’ ఉద్దేశం మంచిదే. నియమంగా పట్టుకుంటే మాత్రం నష్టపోయేది పాఠకుడే.

ఆ ‘తరగతి’ లెక్క అసలు ఇంగ్లిష్‌ది. రాసింది ఏ తరగతివాళ్లకు అర్థమవుతుందో చెప్పే, బాగా వాడుకలో ఉన్న ఫ్లెష్-కిన్‌కెయిడ్ సూత్రాన్ని 1975లో అమెరికా నౌకాదళం కోసం తయారుచేశారు. వాక్యానికి ఎన్ని మాటలు, మాటకు ఎన్ని అక్షరాలు పలుకుతాయన్నదే అందులో లెక్క. తెలుగులో ‘చెప్పలేకపోయినవాళ్లకు’ పది అక్షరాల మాట, అయినా చిన్నపిల్లలకూ అర్థమవుతుంది. ‘వ్యష్టి’ (విడిగా ఒక్కరు) రెండే అక్షరాలు, చాలామంది పెద్దవాళ్లకు తెలియదు.

కష్టమైన మాట కనిపిస్తే పాఠకుడు పారిపోతాడన్నది ఇంకో వాదన. పొలం కాగితాల గురించి రాస్తూ ‘అడంగల్’ తీసేసి ‘భూమి రికార్డు’ అని పెట్టామనుకోండి. పిల్లాడికి సులువే. కానీ చదివేది రైతు. ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ అతనికి రోజువారీ మాటలు. ఏ భూమి ఎవరి పేరున ఉందో చూపే 1బి కూడా భూమి రికార్డే కదా! బ్యాంకు అడంగల్ అడిగితే, ‘భూమి రికార్డు’ అని చదివినవాడు 1బి తెచ్చుకుని మళ్లీ మీసేవ చుట్టూ తిరగాలి. కొత్తగా పొలం కొన్నవాళ్ల కోసమైతే ‘ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో చూపే గ్రామ లెక్క’ అని పక్కనే ఒక్క ముక్క చేరిస్తే చాలు. మాట తీసేయడమెందుకు?

తెలుగు మాట కష్టం, ఇంగ్లిష్ మాట సులువు అనేవాళ్లూ ఉన్నారు. షుగర్, బీపీ విషయంలో నిజమే. కానీ ‘మ్యుటేషన్’ కన్నా ‘పట్టాలో పేరు మార్పిడి’ ఎవరికైనా తొందరగా తెలుస్తుంది.

ఈ సలహాకు, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారిని సాక్ష్యంగా తేవడం నాకు అస్సలు నచ్చదు. ఆయన కోరింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్లు నిజంగా మాట్లాడే భాష. పిల్లల మాటలకే పరిమితం కమ్మని కాదు. ఆయన ఎదిరించిన గ్రాంథికపు ఛాయలు ఇప్పటికీ మన వాక్యాల్లో ఉన్నాయి. ‘గడువులోగా సమర్పించని యెడల దరఖాస్తు తిరస్కరించబడును’ అన్నదాంట్లో దరఖాస్తు, గడువు అందరికీ తెలిసిన మాటలే. ఇబ్బంది ‘యెడల’తో, ‘బడును’తో. ‘గడువులోగా ఇవ్వకపోతే దరఖాస్తు తీసుకోరు’ అని రాయండి, ఒక్క కొత్త మాట నేర్చుకోకుండానే అర్థమవుతుంది.