కాందిశీకుడిగా వచ్చి ఫరాజ్ పక్షాన: నదీమ్ జహావీ ప్రయాణం

2026 జనవరి 12న రిఫార్మ్ యూకే పార్టీ నాయకుడు నైజెల్ ఫరాజ్ పక్కన కూర్చుని, ఆ పార్టీలో చేరుతున్నట్టు నదీమ్ జహావీ ప్రకటించారు. ఆయన బ్రిటన్ మాజీ ఆర్థిక మంత్రి, కన్జర్వేటివ్ పార్టీ మాజీ చైర్మన్. అంతకు చాలా ముందు, ఇరాక్‌లో సద్దాం హుస్సేన్ పట్టు బిగుస్తున్న రోజుల్లో ప్రాణభయంతో దేశం విడిచిన కుర్ద్ కుటుంబంలోని పిల్లవాడు. వలసలకు అడ్డుకట్ట వేస్తానన్న హామీతోనే ఇంతగా ఎదిగిన పార్టీలో ఇప్పుడు ఆయన చేరారు.

ఫిరాయింపు అంటే మనకు వెంటనే పార్టీ మారిన సభ్యుల సీటు రద్దుచేసే పదో షెడ్యూలు, స్పీకర్ దగ్గర నానుతున్న పిటిషన్లు గుర్తొస్తాయి. ఈ కథలో ఆ చిక్కు లేదు. జహావీ 2024 ఎన్నికల్లో పోటీ చేయలేదు. ఆయన పద్నాలుగేళ్లు ఎంపీగా ఉన్న స్ట్రాట్‌ఫర్డ్-ఆన్-ఏవన్ స్థానం లిబరల్ డెమోక్రాట్ల చేతికి వెళ్లింది. అంటే ఒక గుర్తు మీద గెలిచి మరో గుర్తుకు సీటు అప్పగించారన్న నింద ఆయనకు వర్తించదు. ఆయన తనతో పట్టుకెళ్లింది సీటును కాదు, తన జీవితకథను. నా అభ్యంతరమంతా అక్కడే.

ఆ కథ నిజంగా గొప్పది. 1967లో బాగ్దాద్‌లో పుట్టారు. తాతగారు ఇరాక్ కేంద్ర బ్యాంకు గవర్నర్‌గా పనిచేశారు, కరెన్సీ నోట్ల మీద ఆయన సంతకం ఉండేది. అలాంటి కుటుంబం దేశం విడిచి ఇంగ్లండ్ చేరింది. ఇంగ్లిషు ముక్క రాని ఆ కుర్రాడు తరగతిలో వెనక బెంచీకి పరిమితమయ్యాడు. తండ్రి వ్యాపారం దివాలా తీసినప్పుడు చదువు మానేసి టాక్సీ నడుపుదామనుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. చివరికి లండన్ యూనివర్సిటీ కాలేజీలో కెమికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశారు. వాండ్స్‌వర్త్‌లో కౌన్సిలర్‌గా రాజకీయాల్లో ఓనమాలు దిద్దుకున్నారు. 2000లో స్టీఫన్ షేక్స్‌పియర్‌తో కలిసి యూగవ్ అనే సర్వే సంస్థను స్థాపించారు. ఇంటర్నెట్‌లో అభిప్రాయ సేకరణ జరిపితే దాన్ని పెద్దగా ఎవరూ నమ్మని కాలమది. ఇవాళ బ్రిటన్ ఎన్నికల చర్చ ఆ సంస్థ అంకెలు లేకుండా సాగదు. 2010లో ఎంపీ అయ్యారు.

రాజకీయంగా ఆయన చేసిన అత్యుత్తమమైన పని ఏదంటే నేను సందేహించకుండా వ్యాక్సిన్ల కార్యక్రమం పేరే చెబుతాను. 2020 నవంబర్ చివర్లో ఆ బాధ్యత ఆయనకు అప్పగించారు. డిసెంబర్ 8న కోవెంట్రీ ఆస్పత్రిలో తొలి టీకా పడింది. ఫిబ్రవరి మధ్యనాటికి కోటిన్నర మందికి మొదటి డోసు అందింది. వైద్యులు, ఫార్మసీలు, సైన్యం, స్వచ్ఛంద కార్యకర్తలు అందరి శ్రమా అందులో ఉంది. అయినా సరుకు ఎక్కడుంది, ఎక్కడికి చేరాలి అని రోజూ లెక్క చూసుకునే వ్యాపారి బుర్ర ఆ పనికి బాగా పనికొచ్చింది. వలస వచ్చిన కుటుంబాల్లో టీకాపై భయాలున్నప్పుడు ఆయన పేరు, ఆయన నేపథ్యం కూడా అక్కరకొచ్చాయి.

తర్వాతి ఘట్టాలు అంత ముచ్చటగా లేవు. 2022 జులై 5న అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ ఆయన్ను ఆర్థిక మంత్రిని చేశారు. రెండు రోజులు తిరక్కుండానే, దిగిపొమ్మని జాన్సన్‌కు ఆయన బహిరంగంగా లేఖ రాశారు. ఆ తర్వాత పార్టీ నాయకత్వ పోటీలో తొలి రౌండులోనే 25 ఓట్లతో వెనుదిరిగారు. ఆపైన పన్నుల గొడవ. యూగవ్ వ్యవస్థాపక వాటాలు ఆయన తల్లిదండ్రులతో ముడిపడిన జిబ్రాల్టర్ కంపెనీ పేరిట ఉండటంతో మొదలైన వివాదం, జరిమానాతో కలిపి దాదాపు 50 లక్షల పౌండ్లు చెల్లించేదాకా వెళ్లింది. అది అజాగ్రత్తే తప్ప ఉద్దేశపూర్వకం కాదని పన్నుల శాఖ నిర్ధారించిందన్నది ఆయన వాదన. కానీ ఆ శాఖ మీద అజమాయిషీ ఉన్న మంత్రిత్వ శాఖను నడుపుతూ, తన మీదే విచారణ సాగుతోందన్న సంగతి సరిగా వెల్లడించలేదు. మంత్రుల నియమావళిని తీవ్రంగా ఉల్లంఘించారని ప్రధానికి ఆ విషయాల్లో సలహా ఇచ్చే స్వతంత్ర సలహాదారు తేల్చడంతో 2023 జనవరి 29న అప్పటి ప్రధాని రిషి సునాక్ ఆయన్ను పార్టీ చైర్మన్ పదవి నుంచి తొలగించారు.

పార్టీ మారడం నేరం కాదు. చర్చిల్ రెండుసార్లు మారారు. వలస వచ్చినవాడు వలసలను సమర్థించి తీరాలన్న నియమమూ లేదు. అలా ఆశించడం కూడా ఒక రకంగా అతన్ని పుట్టుకకు కట్టేయడమే. లీ ఆండర్సన్, నదీన్ డోరీస్, డానీ క్రూగర్ కూడా కన్జర్వేటివ్ ఇల్లు వదిలి రిఫార్మ్‌కు వెళ్లినవాళ్లే. వాళ్లను అడగని ప్రశ్న జహావీనే ఎందుకు అడగాలి? తన పుట్టుకనే సాక్ష్యంగా చూపింది ఆయనే కాబట్టి. తన రంగు, నేపథ్యం ఉన్నవాళ్లంటే ఫరాజ్‌కు గిట్టదని అనిపించి ఉంటే ఆయన పక్కన కూర్చునేవాణ్ణే కాదని ఆ రోజు విలేకరులకు చెప్పారు. అదే జహావీ 2015లో ఫరాజ్ వ్యాఖ్యలు జాత్యహంకారంతో నిండి ఉన్నాయని, ఆయన ఏలే దేశంలో బతకాలంటే తనకు భయమని ట్విటర్‌లో రాశారు. 2017లో ఇరాక్ సహా కొన్ని దేశాలవాళ్లు అమెరికా రాకుండా ట్రంప్ ప్రయాణ నిషేధం విధిస్తే, ప్రిన్స్‌టన్‌లో చదువుతున్న కొడుకులను చూడటానికి వెళ్లలేనేమోనని తండ్రిగా ఆవేదన చెందారు. మనిషి అభిప్రాయం మారొచ్చు. ఎప్పుడు, ఏ కారణంతో మారిందో చెప్పాలి కదా. అది మాత్రం చెప్పలేదు.

వ్యాక్సిన్ల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 2025 సెప్టెంబర్‌లో రిఫార్మ్ మహాసభ వేదిక మీద ఒక వైద్యుడు కోవిడ్ టీకాలకూ రాజకుటుంబంలోని క్యాన్సర్లకూ ముడిపెట్టి మాట్లాడారు. దాని గురించి అడిగితే జహావీ ఆ ప్రశ్ననే కొట్టిపారేశారు. తన జీవితంలోని అత్యుత్తమమైన పనిని కాపాడుకోవడానికి రెండు వాక్యాలు చాలేవి.

ఇది దూరదేశపు ముచ్చట అనుకోవడానికి లేదు. 2025 సెప్టెంబర్‌లోనే రిఫార్మ్ ప్రకటించిన విధానం ప్రకారం, ఐదేళ్లు పనిచేశాక వచ్చే శాశ్వత నివాస హక్కు, అంటే మనవాళ్లు ఐఎల్ఆర్ అనేది, పూర్తిగా రద్దవుతుంది. ఇప్పటికే అది ఉన్నవాళ్లూ కొత్త వీసాకు మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. ఐదేళ్లకోసారి పునరుద్ధరణ, జీతం పరిమితి కూడా ఇంకా ఎక్కువ. రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలుగు కుటుంబానికీ, కేర్ హోమ్‌లో రాత్రి షిఫ్టు చేసే గుంటూరు అమ్మాయికీ ఇది నేరుగా తగిలే విషయం. లేబర్ ప్రభుత్వమూ ఆ నిరీక్షణను పదేళ్లకు పెంచే దారిలోనే ఉంది కనుక తప్పంతా ఒక్క పార్టీదే అనను. కానీ స్థిరంగా ఉండే హక్కు దొరికింది కాబట్టే చదివి, కంపెనీ పెట్టి, మంత్రి అయిన మనిషి, ఆ స్థిరత్వం మిగతావాళ్లకు అక్కర్లేదనే పార్టీకి తన ముఖాన్ని అరువిచ్చారు.

అక్కడున్న మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కామన్వెల్త్ పౌరులు కాబట్టి, చట్టబద్ధంగా నివసిస్తున్న భారత పాస్‌పోర్టుదారులకు బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు హక్కు ఉంది. ఐఎల్ఆర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, జాబితాలో పేరు నమోదు చేసుకుంటే చాలు. జహావీ ఏ పార్టీ తరఫున ప్రచారానికి వచ్చినా, ఐఎల్ఆర్ గురించి ఆయన్ను నిలదీసి అడిగే అధికారం ఆ ఓటుతో వాళ్లకుంది.